శీఘ్ర ప్రశాంతికి టోకెన్లు ఎక్కడ ఇస్తారు?

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ఒక నమ్మకం నరాల్లో ఇంకిపోయి ఉంటుంది: క్యూ లేని చోట దర్శనం ఉండదు. సిఫారసు లేఖ లేకుండా దొరికినదాన్ని మేం రెండుసార్లు తిప్పి చూస్తాం, ఎక్కడో లొసుగు ఉండే ఉంటుందని. అందుకే మొన్న ఆదివారం తలకోన అడవిలో ప్రశాంతంగా నాలుగడుగులు వేసి వద్దామనుకున్నప్పుడు నాకు చిరుతపులుల బెంగ లేదు. ప్రశాంతతకు ఎన్ని రోజుల ముందు బుక్ చేసుకోవాలో ఎవరినీ అడగలేదే అన్నదే బెంగ.

ఒంటరిగా పోదామనుకున్నాను. ఆ మాట ఇంట్లో పైకి అనడం నా తెలివితక్కువ. భాకరాపేట ఘాటు దగ్గరికి వచ్చేసరికి రెండు బండ్లలో పదకొండు మందిమి. రెండు బేసిన్ల పులిహోర, మా మేనమామ, ఆయన బ్లూటూత్ స్పీకరు అదనం.

"అడవిలో పాటలెందుకు మామా?" అన్నాను.

"సద్దు లేకుండా ఉంటే పిల్లోళ్లు జడుసుకోరా అబ్బోడా?"

పిల్లోళ్లు వెనక సీట్లో ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. పులొచ్చి పక్కన కూర్చుని ఛార్జరు అడిగినా ఇచ్చేసేవాళ్లే గానీ, జడుసుకునేవాళ్లు కాదు.

గేటు దగ్గర డబ్బు కట్టించుకుని రసీదు ఇచ్చారు. రసీదు చేతికి రాగానే మామకు అడవి మీద గౌరవం కలిగింది. దాన్ని మడిచి, కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

లోపల చెట్లున్నాయి. ఈ కొండల మీద పెరిగే ఎర్రచందనం, తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా తనంతట తాను మొలవదు. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన బెరడుతో ఉంటుంది. మా ఊళ్లో దాని గురించి ఇంత వివరంగా ఎవరూ అడగరు. 'టన్నెంత?' అని మాత్రం చంటిబిడ్డ కూడా అడుగుతాడు. మా బావమరిది ఒక మద్దిమానును పట్టుకుని, నాలుగువైపులా చూసి, గొంతు తగ్గించి, దాని ధర చెప్పాడు. పక్కనున్న ఇద్దరు నిజంగానే నోళ్లు తెరిచారు. ఆ మాను నీడలోనే నిలబడి ఉన్నాం. నీడ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక పాలనాపరమైన లోపాలకు వద్దాం. 1989లో ఈ అడవిని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం చేశారు. 2010లో శేషాచలం కొండల్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు! ఇంత విస్తీర్ణంలో ఒక్క క్యూ కాంప్లెక్సు లేదు. సిబ్బంది తీరు మరీ అన్యాయం. దేవాంగపిల్లి అనే చిన్న జంతువు రాత్రి డ్యూటీ తప్ప చెయ్యదట. కంచిలో బంగారు బల్లిని తాకడానికి టికెట్టు కొని, వరుసలో నిలబడి, మన వంతు కోసం ముందువాడి వీపు పొడుస్తాం. ఇక్కడ రాతి చీలికల్లో ప్రాణంతో తిరిగే బంగారు బల్లి ఉంది. దానికి టికెట్టూ లేదు, వరుసా లేదు. మరి మర్యాద ఎక్కణ్ణుంచి వస్తుంది? వేళకు విధుల్లో ఉన్నది కోతులే. పులిహోర బేసిన్లలో ఒకదాన్ని అవి స్వాధీనం చేసుకున్నాయి. రసీదు ఇవ్వలేదు.

తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు నుంచి పడుతోంది. ఆ హోరులో మామ స్పీకరు ఎంత పెంచినా వినిపించలేదు. ఆయన చాలాసేపు నీళ్లకేసి చూసి, "ఈ సౌండు కొంచెం తగ్గించేదానికి ఎవుర్ని అడగాలబ్బా?" అన్నాడు. పౌరుడి ప్రశ్న. జవాబు చెప్పే అధికారి ఆ చుట్టుపక్కల లేడు.

తిరిగి వస్తుంటే అసలు ప్రమాదం జరిగింది. స్పీకరు ఛార్జింగు అయిపోయింది. ఫోన్లకు సిగ్నలు పోయింది. ఎక్కడో పిట్ట ఒకటి మానును టకటకా కొడుతోంది. ఎండుటాకుల కింద ఏదో కదిలి ఆగింది. ఒక నాలుగు నిమిషాలు, పదకొండు మందిమీ ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ నడిచాం. చివరికి అత్త తట్టుకోలేక, "ఎవురన్నా ఏమన్నా మాట్లాడండబ్బా, నాకు ఎట్లనో ఉండాది" అంది. వెంటనే అందరం మాట్లాడేశాం.

ముందు జాగ్రత్త లేకుండా మనుషుల మీద ఇలా ప్రశాంతత వదలడం ఎంత మాత్రం సమంజసం కాదు. నా సూచన ఇది. గేటు దగ్గరే మూడు వరుసలు పెట్టాలి. మొదటిది సర్వ ప్రశాంతి: ఉచితం, ఎంతసేపు పడుతుందో చెప్పలేం. రెండోది 300 రూపాయల శీఘ్ర ప్రశాంతి. మూడోది పెద్దమనుషుల సిఫారసు మీద తెల్లవారుజామున బ్రేక్ ప్రశాంతి. ఆ వేళకు పిట్టలు కూడా తాజాగా ఉంటాయి. మెత్తగా "జరగండి, జరగండి" అని నెట్టడానికి ప్రతి మాను దగ్గరా ఒక మనిషి ఉండాలి. లేకపోతే మనం ప్రశాంతంగా ఉన్నామని మనకెలా తెలుస్తుంది?

భాకరాపేటలో టీ తాగుతూ ఈ పథకం మామకు వివరించాను. ఆయన పూర్తిగా వినలేదు. సిగ్నలు వచ్చింది కదా, అప్పటికే ఎవరికో ఫోను చేస్తున్నాడు.

"స్వామీ, సారు లెటరు ఒకటి ఇప్పించాల. కొండకు కాదు, తలకోనకు. వచ్చే ఆదివారం పెద్ద స్పీకరు తీసకపోతా ఉండాం. ఒక అరగంట నీళ్లు ఆపిస్తే చాలు."