రోలింగ్ టెనెన్సీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రోలింగ్ టెనెన్సీ గారి దివ్యసముఖానికి,

ఇంగ్లండులో అద్దెకుంటున్న ఒక తెలుగు ప్రాణి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు. నెలనెలా నా ఖాతాలోంచి ఠంచనుగా వెళ్తున్న అద్దె చూస్తే తమరు నిక్షేపంగా ఉన్నారని తెలుస్తూనే ఉంది.

మీరు మా ఇంటికి ఎలా వచ్చారో ఒకసారి గుర్తుచేస్తాను. ఏడాది ఒప్పందం ఉండేది, అయిపోయింది. కొత్త కాగితం ఎవరూ పంపలేదు, నేనూ అడగలేదు. నేను అద్దె కట్టాను, ఓనరు పుచ్చుకున్నారు. అంతే, 1988 నాటి హౌసింగ్ యాక్ట్ చలవతో, ముగింపు తేదీ లేకుండా నెలనెలా దానంతటదే సాగిపోయే అద్దెగా తమరు అవతరించారు. సంతకం లేదు, సాక్షి లేడు, నోరు మెదపకుండా కూర్చున్నందుకే ఇల్లు నిలబడింది. అప్పుడు ఎంత మురిసిపోయానో!

ఇప్పుడు వెళ్లాలి. ఇక్కడే మీ అసలు రూపం బయటపడింది.

పైగా 2026 మే 1 నుంచి మీ దశ తిరిగింది. రెంటర్స్ రైట్స్ యాక్ట్ పుణ్యమా అని ఇక్కడి ప్రైవేటు అద్దె ఇళ్లు దాదాపు అన్నీ మీ పాలనలోకే వచ్చేశాయి. కారణం చెప్పకుండా ఖాళీ చేయమనే 21వ సెక్షన్ పోయింది. అందుకు ఆ చట్టానికి రెండు చేతులా దండం పెడతాను, ఇందులో వెటకారం లేదు. ఇల్లు అమ్ముకోవాలన్నా ఓనరు 4 నెలల ముందు చెప్పాలి, అదీ మొదటి 12 నెలల్లో ఖాళీ చేయించడానికి కుదరదు. బాగుంది. కానీ నేనంతట నేను పోతానంటే ఇదివరకు నెల రోజుల నోటీసు సరిపోయేది, ఇప్పుడు రెండు నెలలు. నన్ను కారణం లేకుండా ఎవరూ గెంటలేని ఇంట్లోంచి నేను కూడా తొందరగా బయటపడలేను. ఎంత ఆప్యాయత!

రెండు నెలలంటే రెండు నెలలే అయితే సర్దుకునేవాణ్ణి. ఆ నోటీసు అద్దె కాలం ముగిసే రోజుతో కలిసి ముగియాలట. ఉదాహరణకు మన అద్దె నెల 14న మొదలై 13న ముగుస్తుంది అనుకుందాం. మార్చి 15న నోటీసు చేతికిచ్చారా, రెండు నెలలకు మే 15 అవుతుంది. మే 13 అప్పటికే దాటిపోయింది. కాబట్టి జూన్ 13 దాకా అద్దె కట్టాల్సిందే. రెండు రోజుల ముందు మార్చి 13న ఇచ్చి ఉంటే మే 13తో పీడ వదిలేది. మా వైపు గృహప్రవేశానికి ముహూర్తం చూస్తారు గానీ, గృహనిష్క్రమణానికి ఇంత నిక్కచ్చిగా తిథి లెక్క కట్టే సిద్ధాంతిని నేను ఇంతవరకు చూడలేదు.

ఓనరు దయతలచి తక్కువ గడువుకి రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఈ లెక్కలు అక్కర్లేదు. ఆ దయ కోసం ఏజెంటు గారికి ఈమెయిల్ పెట్టాను. అద్దె పెంచే ఉత్తరం గంటలో పంపగల ఆ ఆఫీసులో, ఇలాంటి ఈమెయిల్ తెరిచే మనిషి మాత్రం ఎప్పుడూ సెలవులోనే ఉంటారు.

తాళాలు లెటర్‌బాక్స్‌లో పడేసి పోదామా అంటే, ఖాళీ ఇంటికి కూడా మీ మీటరు తిరుగుతూనే ఉంటుందని తెలిసింది.

నోటీసు ఇచ్చాక మొదలయ్యే ఇంకో వేడుక, ఇల్లు చూడ్డానికి వచ్చే జనం. 24 గంటల ముందు చెప్పి వస్తామని ఒప్పందంలో ఉంది. చెబుతారు కూడా, నేను స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ చేసి. నేను నెలల తరబడి ఫొటోలు తీసి పంపిన బెడ్‌రూమ్ చెమ్మ బూజు, కొత్తవాళ్ల ముందు ఏజెంటు నోట "పాత ఇళ్లలో మామూలే" అయిపోతుంది. మూసుకోని కిటికీ మంచి గాలి వచ్చే కిటికీ అవుతుంది. వచ్చినవాళ్లు నావైపు తిరిగి "మీరెందుకు ఖాళీ చేస్తున్నారు?" అని అడుగుతారు. ఏజెంటు కూడా నావైపే చూస్తారు. డిపాజిట్ ఇంకా నా చేతికి రాలేదు కదా, నేను నవ్వి ఊరుకుంటాను.

కలిసి అద్దెకుండే వాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఉమ్మడి టెనెన్సీలో ఒక్కరు సరైన నోటీసు ఇస్తే చాలు, అందరికీ ఇల్లు పోయినట్టే. 1991లో, అప్పట్లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన మాట ఇది. ఆ కేసులో ఆవిడ నోటీసు ఇచ్చింది, విడిపోయిన జోడీదారుకి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఫ్లాట్‌లో ఉండే హక్కు పోయింది. అద్దె వాటాలు, వంట వంతులు వాట్సాప్‌లో తేల్చుకునే రూమ్మేట్లు ఈ విషయం ఒకసారి మాట్లాడుకుంటే మంచిది.

సరే, నోటీసు ఇచ్చేశాను, తీరా కొత్త ఇల్లు చేజారింది, ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటానంటే? మీరు భోషాణంలోంచి 1737 నాటి చట్టం బయటికి తీస్తారు. వెళ్తానని చెప్పి వెళ్లని అద్దెదారుడి దగ్గర రెట్టింపు అద్దె వసూలు చేయొచ్చని రెండో జార్జి కాలంలో రాసిపెట్టారు, అది ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. 1611లో మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టుకున్నవాళ్ల తాలూకు మనుషులు 1947 దాకా కదల్లేదు. వాళ్లకి ఈ సెక్షన్ చూపించాలని మాలో ఎవరికీ తట్టలేదు.

ఇక డిపాజిట్. మామూలు అద్దెలకు ఐదు వారాల అద్దెకు మించకూడదు, 30 రోజుల్లోగా రక్షణ స్కీములో పెట్టాలి. పెట్టారు, సంతోషం. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కోత పెట్టకూడదని కూడా రూలుంది. అయితే వంటగట్టు మీది పసుపు మరక అరుగుదల కిందికి వస్తుందా, నేరం కిందికి వస్తుందా అన్నది ఖాళీ చేసేటప్పుడు ఇల్లు తనిఖీ చేయడానికి వచ్చే క్లర్కు గారి ఆ పూట మూడ్‌ని బట్టి ఉంటుంది. అందుకే ఇంట్లో చేరిన రోజున తీసిన ఫొటోలు తేదీలతో సహా దాచాను. క్లీనింగ్ కంపెనీకి డబ్బు కట్టాలని బలవంతం చేయడం 2019 జూన్ 1 నుంచి చెల్లదు. నేనే తోముతాను. ఓవెన్‌తో సహా.

కాబట్టి అయ్యా, పైన చెప్పిన లెక్క ప్రకారం మన బంధం ఏ రోజుతో ముగుస్తుందో దీనితో జతపరచిన నోటీసులో తేదీతో సహా రాశాను. అది అందినట్టు రాతపూర్వకంగా తెలియజేయగలరు. మీరు తెలియజేయరని తెలుసు. అందుకే పోస్టాఫీసులో ప్రూఫ్ ఆఫ్ పోస్టింగ్, అంటే పోస్టు చేసినట్టు రసీదు, తీసుకున్నాను. దానికి డబ్బులు అడగలేదు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు ఉచితంగా దొరికింది అదొక్కటే.

ఇట్లు,
అద్దె బకాయి లేని
మీ విధేయ అద్దెదారుడు