సముద్రుడికి సారె

కోనసీమలో ఆడపిల్లతో పాటు అత్తవారింటికి సారె పంపేటప్పుడు కావిళ్లు లెక్కపెట్టుకోవడం పెద్దల ఆనవాయితీ. గోదారమ్మ అత్తవారిల్లయిన సముద్రానికి ఈమధ్య నాయకులు పంపుతున్న సారెలోనూ ఆ లెక్క తప్పడం లేదు. సముద్రంలో రొయ్యలు పెరగాలంటూ ఎన్ని లక్షల రొయ్య పిల్లలను వదిలారో ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎన్ని బతికాయని అడగడం మాత్రం, సున్నుండల్లో నెయ్యి పోశారా అని వియ్యపురాలిని నిలదీసినంత అమర్యాద.

మొన్న కాకినాడకు దక్షిణాన, నీళ్లు సముద్రంలో కలిసే ఒక మొగ దగ్గర జరిగిన అటువంటి శుభకార్యానికి నేనూ హాజరయ్యాను. తొమ్మిది గంటలకే హేచరీ (రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రం) వ్యాను దిగిన ఆక్సిజన్ సంచులు, షామియానా నీడ కుర్చీలకే సరిపోవడం వల్ల, పన్నెండున్నరకు విచ్చేసిన ముఖ్య అతిథి కోసం ఎండలో భక్తిగా ఎదురుచూశాయి. వంగి ఒక సంచిలోకి చూస్తే, బియ్యపు గింజంతేసి టైగర్ రొయ్య పిల్లలు తెల్లబడి అడుగున పేరుకుని ఉన్నాయి. శాలువాలు ముగిశాక అతిథి నీళ్లలోకి కాకుండా కెమెరా వైపు చూస్తూ మొదటి సంచి కుమ్మరించారు. ఫొటో సరిగా పడలేదన్నారు. రెండోది కుమ్మరించారు. అప్పుడు ఒక నాయకుడి తల అడ్డొచ్చింది. మూడోసారికి చేతికందిన సంచిలో పిల్లలు లేవు, నీళ్లే ఉన్నాయి. ఫొటో మాత్రం దివ్యంగా వచ్చింది.

భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ రొయ్యల రైతైనా తన చెరువులో సీడు, అంటే రొయ్య పిల్లలను, వదిలేముందు సంచిని నీళ్లపై తేలనిచ్చి, వేడి కుదిరాక, చెరువు నీరు కొద్దికొద్దిగా కలిపి, ఉప్పదనానికి అలవాటు చేసి మరీ వదులుతాడు. చెరువుకు యజమాని ఉన్నాడు. సముద్రానికి లేడు.

నార్వేలో 1880ల నుంచి 1971 వరకు కాడ్ అనే చేప పిల్లలను తీరంలో వదిలి, దానివల్ల వేట పెరిగిందని రుజువు కాక చివరికి మానుకున్నారు. జపాన్‌లోని హొక్కైడోలో స్కాలప్‌లనే గుల్లలు నిలదొక్కుకున్నాయంటే, అక్కడి మత్స్యకార సహకార సంఘాలు వాటిని తినే నక్షత్ర చేపలను ఏరేసి, సముద్రాన్ని మళ్లుగా పంచుకుని, ఏడాదికొక మడి చొప్పున కోతకు దిగినందువల్ల. మన సంఘాలకు మొన్నటి సభలో దక్కింది జనసమీకరణ బాధ్యత.

టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు మడ అడవుల పాయల్లోకి వచ్చి పెరుగుతాయి. అంటే కోరింగ మడ వేళ్లే వాటికి పురిటిల్లు. ఆ పురిటిల్లు చుట్టూ మడ నరికి చెరువులు తవ్వింది ఎవరు? ఆ చెరువుల కోసం ఒకప్పుడు ఇవే పాయల్లో సన్నకన్ను వలలతో సీడు ఏరి, వలలో పడ్డ మిగతా పిల్లలన్నిటినీ గట్టుమీద పారబోయించింది ఎవరు? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపి పస్తులుండేది బోటు కూలీ. మర్నాడే బాల్ పెన్ను దూరనంత సన్నకన్ను వలను సముద్రం అడుగున ఈడ్పించేది ఆ కూలీ కాదు, బోటు యజమాని. అరచేయంత కూడా ఎదగని చేప పిల్లలు ఇసకలో ఎండి కోళ్ల మేతకు పోతుంటే చూడని కళ్లకు, లక్ష పిల్లలను వదిలామని చెప్పుకోవడానికి సిగ్గుండాలి!

సభ ముగిశాక ఖాళీ సంచులు అలల్లో తేలుతుంటే, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దూరంగా బోటు వైపు చూపించి అడిగాడు: “సీడొదిలేరు, బాగానే ఉందండి. ఆ బోటోణ్ణి ఓ గంట వలెత్తమని చెప్పేరాండీ?”

అతిథి కారు అప్పటికే యానాం వంతెన దాటింది.