ఎనిమిది ట్యూబులైట్లు, రెండు పెండ్లి పీటలు

మా ఇల్లు హనుమకొండలో, వడ్డేపల్లి చెరువుకు దగ్గర. ఇల్లు కట్టేటప్పుడు ఎప్పటికైనా కారు కొంటామని పక్కన 10 బై 12 అడుగుల రేకుల షెడ్డు వేయించి, షట్టర్ పెట్టించాను. కారు రాలేదు. ముందు స్కూటర్ వచ్చింది. దాని వెనక అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న ఇసుర్రాయి వచ్చింది. చివరికి నా వడ్రంగి పిచ్చి వచ్చి మిగిలిన జాగా అంతా ఆక్రమించింది. మా ఆవిడ దానికి 'కార్ఖానా' అని పేరు పెట్టింది. ఆ కార్ఖానా నుంచి ఇప్పటిదాకా బయటికొచ్చిన సరుకు ఒక చెప్పుల స్టాండు, ఒక కుంటి స్టూలు.

స్టూలు కుంటిదవడంలో తప్పు నాది కాదు, లైటుది. పగలంతా ఆఫీసు కాబట్టి నేను రంపం పట్టేది రాత్రి ఏడు దాటాకే. షెడ్డు నడిమధ్యన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి వేలాడేది. పని బల్లేమో గోడకు ఆనించి ఉండేది. నేను బల్ల ముందు నిలబడితే బల్బు నా వీపును బ్రహ్మాండంగా వెలిగించేది. చెక్క మీద మాత్రం నా తలకాయ నీడ పడేది. ఒక రాత్రి చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ నీడ చెక్క మీద సన్నగా, తిన్నగా పడింది. అది నేను గీసిన గీతే అనుకుని దాని వెంబడి కోయడం మొదలుపెట్టాను. నేను వంగితే గీత కూడా వంగింది. సగం కోశాక గీత చెక్క దిగి బల్ల మీదికి పోయింది. అప్పటికి గానీ నాకు అనుమానం రాలేదు.

ఇట్లా ఉండగా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, పిల్ల పెండ్లికి పీటలు నువ్వే చెయ్యరాదు? మేనమామ చేతి పీటల మీద కూసుంటే మంచిగుంటది" అంది. నా స్టూలు మీద అక్క ఎన్నడూ కూర్చోలేదు. అందుకే అడిగింది.

టేకు తెచ్చాను. ముందు లైటు సంగతి తేల్చాలని కూర్చుని లెక్క వేశాను. వెలుతురుకు వాట్లు చూడొద్దు, ల్యూమెన్లు చూడాలి. వాట్లంటే అది తినే కరెంటు, ల్యూమెన్లంటే అది ఇచ్చే వెలుగు. చెక్కపని లాంటి సన్నపనికి బల్ల మీద చదరపు మీటరుకు 500 ల్యూమెన్లయినా పడాలి. షెడ్డు సుమారు 11 చదరపు మీటర్లు, అంటే 5,500. రేకులూ సున్నం వేయని గోడలూ కొంత మింగేస్తాయి కాబట్టి 8,000 అనుకుందాం. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు ఒకటి దగ్గరదగ్గర 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. మొత్తం నాలుగు ట్యూబులు. పాత కరెంటు బిల్లు వెనక ఈ లెక్కంతా రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. ఇక్కడిదాకా నేను చేసిందాంట్లో ఏ తప్పూ లేదని ఇప్పటికీ నా నమ్మకం.

తప్పల్లా వరంగల్ చౌరస్తాకు బామ్మర్దిని వెంటేసుకుని పోవడం.

"నాలుగు ట్యూబులు" అన్నాను దుకాణంలో.

"ఎనిమిది తీస్కుంటే రేటు తగ్గుతది సార్" అన్నాడు దుకాణాయన.

"ఎనిమిదియ్యి" అన్నాడు బామ్మర్ది.

నేను కరెంటు బిల్లు తీసి చూపించాను. బామ్మర్ది దాన్ని చూసి, "బావా, గీ బిల్లు కట్టినవా?" అని అడిగాడు. ఇక లెక్క సంగతి ఎవరూ ఎత్తలేదు.

తర్వాత రంగు దగ్గర పేచీ వచ్చింది. 3,000 కెల్విన్ అంటే పసుపు వెలుగు, 6,500 అంటే నీలం కొట్టే తెలుపు, 4,000 ఈ రెంటికీ నడుమ. చెక్కపనికి ఆ నడిమిదే మంచిదని నేనన్నాను. "తెల్లగుంటెనే ఎల్తురు బావా, పచ్చగుంటే గుడిల దీపమే" అని బామ్మర్ది 6,500 తీయించాడు. అంతటితో ఆగలేదు. "ఎలక్ట్రీషియన్ దేనికి, నేను లేనా?" అన్నాడు. నాకు అభ్యంతరం ఉంది. కానీ ఆయన అక్క పక్కనే ఉంది.

రేకులకు బెజ్జాలు పెడితే వానకు కారతాయి కాబట్టి ట్యూబుల్ని ఇనుప పైపులకు క్లాంపులతో బిగించాం. బల్ల అంచుకు సరిగ్గా పైన, నా తలకు కొంచెం ముందుగా మూడు, మిగతావి మూడు పక్కలా. స్విచ్చు వేశాడు. నా నీడ మాయమైంది. ఎంత వెతికినా కనబడలేదు. చెక్కలో ప్రతి పోగూ కనబడింది, నా గోళ్ల కింద మురికి కనబడింది, మూడేండ్ల కింద పోయిన స్క్రూడ్రైవర్ ఇసుర్రాయి వెనక కనబడింది. ఎదురింటాయన గేటు దగ్గరికి వచ్చి, "అన్నా, మా ఇంట్ల పొద్దు గుంకుతలేదే" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

రెండో రాత్రి అమ్మ నన్ను తట్టి లేపింది. "కొడుకా, షెడ్డుల ఎవలో దీపం పట్టుకొని తిరుగుతున్నరు." కిటికీలోంచి చూస్తే నిజమే. షట్టర్ కింది సందులోంచి సన్నగా, బూడిద రంగు వెలుగు. కర్ర తీసుకుని పోయి షట్టర్ లేపాను. ఎవరూ లేరు. స్విచ్చు ఆఫ్ చేసే ఉంది. పైన ఎనిమిది ట్యూబులూ ఆరకుండా, వెలగకుండా, జ్వరమొచ్చిన కండ్లలా మసగ్గా చూస్తున్నాయి. అమ్మ తెల్లారి షట్టర్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. నేను మా వాడకట్టు ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను.

అతను టెస్టర్ పెట్టి చూసి, నవ్వాపుకుని, "ఎవరు చేసిండ్రు సార్ వైరింగ్?" అన్నాడు. బామ్మర్ది ఉన్నట్టుండి స్కూటర్ టైరులో గాలి చూడ్డం మొదలుపెట్టాడు. సంగతేమిటంటే, స్విచ్చు ఫేజు వైరు మీద ఉండాలి. మావాడు న్యూట్రల్ మీద పెట్టాడు. దాంతో స్విచ్చు ఆపినా ఫేజు పోయి ట్యూబులో కూర్చునే ఉంటుంది. అక్కణ్నుంచి కారే రవ్వంత కరెంటు చాలు, ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమనడానికి. "దయ్యం కాదు గని దయ్యమే నయం సార్. ఆఫ్ చేసిన్నని ట్యూబు వైర్ల మీద చెయ్యి పెడితే షాక్ కొడుతుండె" అన్నాడు. వైర్లు సరిచేశాడు. పోతూ పోతూ ఫోన్ కెమెరా తెరిచి ట్యూబుల మీదికి పట్టాడు. రెండింటి కింద తెర మీద చారలు పాకాయి. "ఇవి సెకనుకు వందసార్లు కొట్టుకుంటున్నయి. వీటి కింద తిరిగే మిషన్ పెట్టకుండ్రి. చక్రం తిరుగుతున్నా ఆగినట్టు కనబడొచ్చు" అని చెప్పాడు. అతను పోయిందాకా బామ్మర్ది గాలి చూస్తూనే ఉన్నాడు. ఆ స్కూటర్‌కు ఉన్నవి రెండే టైర్లు.

పీటలు మాత్రం మంచిగా కుదిరాయి. రోజ్‌వుడ్ రంగు వేశాను. ఆ తెల్లని వెలుగులో రంగు పాలిపోయినట్టుంటే ఇంకో చెయ్యి వేశాను. పొద్దున ఎండలో చూస్తే పీటలు రెండూ నేరేడు పండ్లలా నిగనిగలాడుతున్నాయి. సరే, నల్లపీటలకూ అందం ఉంటుందనుకున్నాను. ముహూర్తం ఇంకా నాలుగు రోజులుంది.

ఆ రోజు మిరుగు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. చేపలు తినాల్సిందే. మా ఆవిడ వంటింట్లో చేపల పులుసు పెట్టింది. సాయంత్రం దంచికొట్టిన వాన ఎనిమిదింటికి వెలిసింది. నేను షెడ్డులో రెండో పూత వార్నిషు వేసి, వాసనకు తట్టుకోలేక షట్టర్ సగం లేపాను. ఒక ఉసిల్లు లోపలికి వచ్చింది. ట్యూబు చుట్టూ మూడుసార్లు తిరిగి చూసుకుని, మళ్లీ పోయింది. తన వాళ్లకు చెప్పడానికి పోయిందని తర్వాత తెలిసింది.

రెండు నిమిషాల్లో షెడ్డులో గాలి లేదు, ఉసిళ్లే ఉన్నాయి. చొక్కాలో ఉసిళ్లు, చెవిలో ఉసిళ్లు. పీటలు రెండూ చంకనేసుకుని లైట్లన్నీ ఆర్పేశాను. మరుక్షణం వంటింట్లోంచి మా ఆవిడ కేక. చీకటైందని ఉసిళ్లన్నీ వంటింటి బల్బు దగ్గరికి పోయాయి. "పులుసుల పడుతున్నయి! మీ లైట్లెయ్యుండ్రి!" లైట్లేశాను. తిరిగొచ్చాయి. పీటల మీదికి వస్తున్నాయని ఆర్పాను. పులుసు మీదికి పోయాయి. మిరుగు నాటి పులుసా, మేనకోడలి పీటలా? వాకిట్లో నిలబడి ఆలోచించాను. చివరికి లైట్లు వేసే ఉంచి, పీటలు తీసుకెళ్లి బీరువా మీద దాచాను. ఒక్క రెక్క కూడా అంటలేదు. ఆ రాత్రి నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంట్లో ఈ గోల గిట్టింది అమ్మకొక్కదానికే. ఇత్తడి తాంబాలంలో నీళ్లు పోసి ట్యూబుల కింద పెట్టి కూర్చుంది. ఉసిళ్లు టపటపా పడుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. "చిన్నప్పుడు పుట్ట కాడ దీపం పెట్టి పట్టేటోళ్లం బిడ్డా. ఏంచుకొని, ఉప్పు కారం చల్లుకొని తింటే, ఆహా! ఎన్నేండ్లాయె!"

పొద్దున పీటల్ని మళ్లీ షెడ్డులో పెట్టి ఆఖరి పూత వేశాను. తొందరగా ఆరాలని టేబుల్ ఫ్యాన్ పెట్టి స్నానానికి పోయాను. వచ్చేసరికి అమ్మ ఫ్యాన్ ముందు పీట... నా పీట కాదు, ఆమె పాత పీట... వేసుకుని కూర్చుంది. ఒళ్లో చాట. చాటలో రాత్రి పట్టి ఆరబెట్టిన ఉసిళ్లు. రెక్కలు వదలాలని చెరుగుతోంది. ఫ్యాన్ గాలికి రెక్కలు గుంపులు గుంపులుగా లేచి, తేలుకుంటూ, తొందరేమీ లేకుండా పోయి నా నల్లని వార్నిషు మీద ఒక్కొక్కటే వాలుతున్నాయి.

"మంచి గాలి పెట్టినవు బిడ్డా" అంది అమ్మ.

గీకడానికి టైము లేదు. రెక్కల మీదే ఇంకో పూత వేసి పెండ్లికి పట్టుకుపోయాను. మగపెండ్లివారి పెద్దాయన ఒకాయన పీట మీద వేలితో రాసి, "ఇవేంటియి, అబ్రకమా?" అని అడిగాడు. "చేతిపని" అన్నాను. ఎవరి చేతిదో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

పెండ్లి నుంచి రాగానే ఆరు ట్యూబులు ఊడదీశాను. బల్ల పైన మాత్రం రెండు ఉంచాను. అవి కూడా 3,000 కెల్విన్‌వి కొనుక్కొచ్చి మార్చాను. పసుపు వెలుగుకు పురుగు తక్కువగా వస్తుంది. వారం హాయిగా గడిచింది. తర్వాత మళ్లీ వాన పడి వెలిసిన ఒక సాయంత్రం ఎదురింటాయన గేటు దగ్గరికి వచ్చాడు. జుట్టులో రెండు ఉసిళ్లు, భుజం మీద ఒకటి.

"అన్నా, గా తెల్లలైట్లు తీసేసినవా ఏంది? మొన్నటి వానకు మా ఇంట్లకు ఒక్క పురుగు రాలే. ఇయ్యాల అన్నం తినలేకపోతున్నం. జర గవ్వే మళ్ల పెట్టరాదే."

నేను ఏమీ అనకముందే వెనక చప్పుడైంది. అమ్మ తాంబాలంలో నీళ్లు పోస్తోంది.