ఒకటో తరగతి చూడకుండానే మూడో తరగతికి

కరోనా కాలంలో చదువుల గురించి పేపర్లలో, టీవీల్లో ఎక్కువగా నడిచిన చర్చ పదో తరగతి పరీక్షలది. పెడతారా, రద్దు చేస్తారా, మార్కులు ఎలా వేస్తారు? 2020లో, మళ్లీ 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాసయ్యారు. అప్పటి తల్లిదండ్రుల టెన్షన్‌ను తప్పుబట్టలేం. కానీ అసలు దెబ్బ తగిలింది పరీక్షలే లేని చిన్న తరగతికి, అంటే 2020 జూన్‌లో ఒకటో తరగతిలో కూర్చోవాల్సిన పిల్లలకు.

తెలంగాణ సంగతే చూద్దాం. 2020 మార్చి మధ్యలో బడులు మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, ఆ నెలాఖరులో ఆరు నుంచి ఎనిమిది వరకు తెరిచి, మార్చిలో మళ్లీ మూసేశారు. ఒకటి నుంచి అయిదు తరగతులకు మాత్రం 2021 సెప్టెంబర్ 1 దాకా బడి గంట మోగలేదు. దాదాపు ఏడాదిన్నర! 2020 సెప్టెంబర్‌లో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో మొదలైన డిజిటల్ పాఠాలు కూడా మూడో తరగతి నుంచి పైవాళ్లకే. ఒకటి, రెండు తరగతులకు ఆ టైమ్‌టేబుల్‌లో చోటు లేదు. అంత చిన్నపిల్లలకు టీవీలో అక్షరాలు నేర్పడం కుదరదన్నది నిజమే. మరి వాళ్లకు ఇంకేం చేయాలన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకకుండానే ఏడాది గడిచిపోయింది.

టీవీలో ఎందుకు కుదరదో తెలియాలంటే ఒకటో తరగతి టీచర్ పక్కన పది నిమిషాలు కూర్చుంటే చాలు. పిల్లాడు వాచకంలో ‘అమ్మ’ అని గట్టిగా చదువుతాడు. బొమ్మ చూసి చెప్పాడా, అక్షరం చూసి చదివాడా? టీచర్ బొమ్మ మీద చెయ్యి అడ్డంపెట్టి మళ్లీ చదవమంటుంది. ఈసారి ఒత్తు వదిలేసి ‘అమ’ అంటాడు. వాడి వేలు పట్టుకుని మ కింద ఉన్న ఒత్తు దగ్గర ఆపుతుంది, మళ్లీ చదివిస్తుంది. పలకమీద ‘కి’ రాయమంటే గుడి బదులు గుడిదీర్ఘం పెడతాడు, చెరిపి దిద్దిస్తుంది. రోజూ, ఒక్కొక్కరితో, నెలల తరబడి సాగే పని ఇది. తెలుగులో అచ్చులు, హల్లులు అయ్యాక గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఉంటాయి. ఒక మెట్టు దగ్గర ఆగిపోయిన పిల్లాడిని గుర్తించేది ఎదురుగా ఉన్న మనిషే.

ఇళ్లల్లో పరిస్థితి చూస్తే చాలా కుటుంబాలకు ఒక్కటే స్మార్ట్‌ఫోన్, అది తండ్రితోపాటు పనికి వెళ్లేది. సాయంత్రం ఇంటికొచ్చాక పదో తరగతి చదివే అన్న చేతికి పోయేది. ఒకటో తరగతి చెల్లెలి వంతు వచ్చేది కాదు, వచ్చినా అందులో ఆమెకు పాఠం లేదు.

ఆ పిల్లలు మూడో తరగతికి వచ్చిన 2022లోనే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో, పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే చేసింది. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో తెలంగాణలో 18.1 శాతం ఉంటే 2022లో 5.2 శాతానికి పడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3 శాతానికి. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కు తగ్గింది. మన పునాది 2018లోనే బలహీనంగా ఉంది, కాబట్టి తప్పంతా కరోనాదే అనడం సరికాదు. కానీ తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లలు వందమందిలో అయిదుగురే చదవగలిగారన్న మాట విన్నాక గుండె బరువెక్కకుండా ఉండదు.

దెబ్బ టీచర్లకూ తగిలింది. ఫీజులు ఆగిపోవడంతో ప్రైవేటు బడుల్లో జీతాలు ఆగిపోయాయి. చాలామంది కూలి పనులకు, కూరగాయల అమ్మకానికి దిగారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మరోపక్క ఫీజు కట్టలేని తల్లిదండ్రులు పిల్లల్ని సర్కారు బడికి తెచ్చారు. అసర్ ప్రకారం దేశంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవాళ్లు 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతం. 2024 నాటికి మళ్లీ 66.8 శాతమే. గుమ్మం దాకా వచ్చిన జనాన్ని నిలుపుకోలేకపోయాం. నా దృష్టిలో ఆ రెండేళ్లలో చేజారిన అతిపెద్ద అవకాశం ఇదే.

తర్వాత ప్రయత్నాలు జరగలేదని కాదు. తెలంగాణలో 2022 ఆగస్టులో ‘తొలిమెట్టు’ మొదలైంది, చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టిపెట్టిన మంచి కార్యక్రమం. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. తొలిమెట్టు లాంటి పనే ఎక్కువ కావాలి, ట్యాబ్ పిల్లాడి వేలు ఎక్కడ ఆగిందో చూడలేదు. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేలోగా పిల్లలందరికీ చదవడం రావాలంటోంది. ఆ గడువు వచ్చేసరికి కరోనా బ్యాచ్ మూడో తరగతి దాటి నాలుగేళ్లవుతుంది.

ఆ బ్యాచ్ 2025 జూన్‌లో ఆరో తరగతిలో అడుగుపెట్టింది. హైస్కూల్లో టీచర్లు పీరియడ్ల వారీగా వస్తారు, సైన్స్ టీచర్‌కు సైన్స్ సిలబస్, సోషల్ టీచర్‌కు సోషల్ సిలబస్. వాచకం చదవడం నేర్పడం అక్కడ ఎవరి డ్యూటీలోనూ లేదు. చదవడం రాని పిల్లలు నోట్స్ బోర్డు మీద చూసి గీస్తారు, నోట్‌బుక్ నిండుతుంది, ఎవరికీ అనుమానం రాదు. హైస్కూలు పిల్లలందరితో ఒక్కొక్కరిగా రెండో తరగతి పాఠం గట్టిగా చదివించాలి. చదవలేనివాళ్లకు రోజూ ఒక పీరియడ్ కేటాయించి, అది ఏ టీచర్ బాధ్యతో పేరుతో సహా టైమ్‌టేబుల్‌లో రాయాలి. ఈ పిల్లలు పదో తరగతి పరీక్ష రాసేది 2030లో, అంతకుముందు మిగిలినవి కొద్ది విద్యాసంవత్సరాలే.