చీరకట్టుకు రెండు తీర్పులు

నిజాం ఏలుబడిలో 1919లో వచ్చిన ఒక చట్టం 2023 జూలై దాకా తెలంగాణలో చెల్లుబాటులోనే ఉంది. హిజ్రాల పేర్లను రిజిస్టరులోకి ఎక్కించాలనీ, అలా నమోదైనవారు ఆడవారి బట్టల్లోనో నగలతోనో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడిపాడినా వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చనీ, రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చనీ ఆ చట్టం చెప్పింది. దొంగతనమో దౌర్జన్యమో చేయనక్కర్లేదు, కట్టూబొట్టే నేరం. సమానత్వానికీ, జీవించే హక్కుకూ హామీ ఇచ్చే రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు అది విరుద్ధమని హైకోర్టు కొట్టివేసేసరికి, స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లు దాటాయి.

ఇదే తెలుగు సమాజం మరో చీరకట్టుకు నీరాజనాలు పట్టింది. బాపట్ల నటుడు స్థానం నరసింహారావు, కూచిపూడి నాట్యకళాకారుడు వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామలై రంగస్థలం మీదికి వస్తే జనం కళ్లప్పగించి చూశారు. కూచిపూడి నాట్యంలో సత్యభామ ముఖం చూపకముందే తెర మీదుగా జడ వేస్తుంది. ఆ జడ ఒక మగవాడిదని తెలిసే ప్రేక్షకులు పరవశించారు. స్థానం వారికి 1956లో, వేదాంతం వారికి 1970లో పద్మశ్రీ దక్కింది. ఆ గౌరవం సర్వథా ఉచితం. మేం ప్రశ్నిస్తున్నది మన చూపును. వేషం తెల్లారేసరికి తీసేస్తారన్న భరోసా ఉంటే ముచ్చటపడే మనం, అదే తన నిజరూపమని ఒక మనిషి చెబితే ఎందుకు సహించలేకపోతున్నాం?

ఈ అసహనం ఇంట్లోనే మొదలవుతుంది. కూతురు చొక్కా ప్యాంటు వేసుకుంటే మగరాయుడని మురిసిపోయే తండ్రే, కొడుకు అక్క ఓణీ చుట్టుకుంటే చెయ్యి చేసుకుంటాడు. బడిలో తోటి పిల్లల వెక్కిరింపు, నడక మార్చుకోమన్న పంతుళ్ల మందలింపు దానికి తోడవుతాయి. చదువు మధ్యలో వదిలి, ఇల్లు విడిచినవారు సిగ్నళ్ల దగ్గర చెయ్యి చాపడానికి మూలం అక్కడుంది.

లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తిదేననీ, శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమనీ సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో తేల్చి చెప్పింది. అయినా ఆచరణలో తీర్పరి కంటిచూపే. తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఉచిత ప్రయాణం ఉంది. మంచి నిర్ణయం. కానీ జీరో టికెట్ కోసం చూపే కార్డులో పాత పేరు, మీసకట్టుతో పాత ఫొటో ఉంటే, కండక్టరు కార్డునూ మనిషినీ మార్చిమార్చి చూస్తున్నంతసేపూ బస్సంతా అటే చూస్తుంది.

ట్రాన్స్‌జెండర్ అంటే చీర, చప్పట్లు అని మనసులో బొమ్మ గీసుకున్నాం గనుక, ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్నవారు అసలు లెక్కలోకే రావడం లేదు. వారిలో చాలామందిని పెళ్లి పేరుతో ఇళ్లలోనే అణచివేస్తున్నారు. సంక్షేమ శాఖలు వీరి కోసం వెతకాలి. కార్డుల్లో పేరు, ఫొటో మార్పును నెలల తరబడి తిప్పించుకోకుండా పూర్తిచేయాలి. జుట్టు, నడక పేరుతో పిల్లల్ని హింసించడాన్ని వేధింపుగానే పరిగణించి, దాన్ని అరికట్టే బాధ్యతను ప్రధానోపాధ్యాయుల మీద పెడుతూ విద్యాశాఖలు ఈ విద్యాసంవత్సరంలోనే ఉత్తర్వులివ్వాలి.