లేసు కాలరు గారికి, మెడ రాసుకుపోయినవాడు రాయునది

మహారాజశ్రీ లేసు కాలరు గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మెడలన్నీ క్షేమం. మ్యూజియం అద్దాల వెనక తమరు కూడా క్షేమమని తలుస్తాను.

మా భాషలో తప్పు చేసినవాణ్ణి కాలరు పట్టుకుని నిలదీస్తాం. తప్పు చేసింది కాలరే అయితే ఏది పట్టుకోవాలో తెలియక ఈ ఉత్తరం. గొప్పలు పోయేవాడు కాలరెగరేస్తాడని కూడా మా వాళ్లే అంటారు. తమరితో ఆ ముచ్చటా తీరదు. భుజాల మీద పరుచుకుని తమరు కూర్చునేది కుర్రాడి మెడ మీద, ఎగరేసుకునేది వాళ్లమ్మ.

1886లో ఏం జరిగిందో తమకి గుర్తుండే ఉంటుంది. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసిన 'లిటిల్ లార్డ్ ఫాంట్లరాయ్' నవల ఆ ఏడు పుస్తకంగా వచ్చింది. అమెరికాలో పెరిగిన ఏడేళ్ల సెడ్రిక్ ఇంగ్లండులో జమీందారు తాతగారింటికి చేరతాడు. నల్ల మఖమలు సూటు, భుజాల మీద ఉంగరాల జుట్టు, మెడ చుట్టూ తమరు. రెజినాల్డ్ బర్చ్ అని ఒకాయన బొమ్మలు కూడా వేసి పెట్టాడు. ఇంకేముంది, అట్లాంటిక్ సముద్రానికి అటూ ఇటూ ఉన్న తల్లులు ఆ నవలని దర్జీకిచ్చే కొలతల కాగితంలా చదువుకున్నారు. పుస్తకం నిండా ఉన్నది ఆ పిల్లాడి మంచితనం. కానీ మంచితనం బజార్లో గజాల లెక్కన దొరకదు కదా, తమరు దొరికారు.

ఆ కాలపు మగపిల్లాడి బాధ తమకేం తెలుసు! అయిదారేళ్లు వచ్చేదాకా గౌనుల్లోనే పెంచేవారు. నాకు ప్యాంటు ఎప్పుడేస్తారని వాడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. ఆ శుభముహూర్తం రానే వస్తుంది, మోకాళ్ల దాకా ప్యాంటూ వస్తుంది. అద్దంలో చూసుకుంటే పైన తమరు. కాళ్ల దగ్గర వదిలిన గౌను మెడకెక్కిందన్నమాట.

పైగా పెద్దింటి బిడ్డనని తమకో గర్వం. కాస్త ఆరా తీస్తే అరువు నగ అని తేలుతుంది. 1630ల్లో వాన్ డైక్ ఇంగ్లండు రాజు చార్లెస్ కొలువులో బొమ్మలు గీస్తున్నప్పుడు జనం తమర్ని నిజంగానే వేసుకునేవారు, అదీ మీసాలొచ్చినవాళ్లు. 1770 ప్రాంతంలో గెయిన్స్‌బరో 'బ్లూ బాయ్' గీసేనాటికే అది నూట నలభై ఏళ్ల పాత వేషం. బొమ్మలో పడడానికి ఆ కుర్రాడికి తగిలించారు. ఫాంట్లరాయ్ నాటికి తమరు నకలుకి నకలు.

మెడ చుట్టూ మడతలు మడతలుగా బిగుసుకు నిలబడే తమ ముత్తాత రఫ్ కాలరు గారి ఘనత కూడా విన్నాను. 1564లో లండనుకొచ్చిన డింగెన్ వాన్ డెర్ ప్లాసే అనే ఆవిడ వాటికి గంజి పెట్టే విద్య నేర్పడానికి నాలుగైదు పౌన్లు పుచ్చుకునేదట. ఫిలిప్ స్టబ్స్ అనే ఆయన 1583లో ఆ గంజిని దయ్యపు ద్రవమని తిట్టిపోశాడు. (మా తాతలు గంజి తాగారు, మిగిలింది పంచెలకి పెట్టారు. ఏ దయ్యమూ పట్టలేదు.) ఖర్చు భరించలేక స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ 1623లో రఫ్ కాలర్లనే నిషేధించాడు. తమ వంశం మీద ఒక రాజ్యం చట్టం చేయాల్సి వచ్చిందంటే మాటలా!

ఇక తమ తమ్ముడు ఈటన్ కాలరు. లేసు గీసు ఏమీ లేదు, గంజితో బిగుసుకుపోయిన తెల్ల పలక. ఇంగ్లండులోని ఈటన్ స్కూల్లో అయిదడుగుల నాలుగంగుళాలు దాటని పిల్లలకి 1967 దాకా అదే శిక్ష. పిల్లాడికి చదువెంత వచ్చిందన్నది తర్వాత, ముందు పొడుగు కొలిచేవారు. దానికి జోడీగా నడుము దగ్గరే ఆగిపోయే పొట్టి కోటు. వెనక నుంచి చలి ఎక్కడ కొడుతుందో ఆ చోటు పేరు మీదే పిల్లలు దానికి ముద్దుపేరు పెట్టుకున్నారు. పెద్దలు చదివే ఉత్తరం కనక అనువదించను.

అలాగని ఆ దేశంలో బుద్ధున్న తల్లే లేదనను. 1846లో విక్టోరియా మహారాణి నాలుగేళ్ల కొడుకు ఎడ్వర్డుకి నావికుల దుస్తులు వేయించింది. వింటర్‌హాల్టర్ దాన్ని బొమ్మగా గీశాడు. వీపు మీద వేలాడే వదులు కాలరు, మెడకి గాలి. రాణిగారి పిల్లాడికి దొరికిన గాలి నలభై ఏళ్ల తర్వాత గుమాస్తాల పిల్లలకి దొరక్కుండా చేసింది తమరే.

అన్నిటికంటే నాకు కడుపు మండేది వివియన్ విషయంలో. బర్నెట్ గారి రెండో కొడుకు. ఆవిడ తన పిల్లలకి ముందే మఖమలు వేసింది, కథలో కుర్రాడికి వీణ్ణే నమూనాగా పెట్టుకుంది. వాడు పెరిగాడు, హార్వర్డులో చదివాడు, పెళ్లాడాడు, పిల్లల్ని కన్నాడు. కాలరు మాత్రం ఊడలేదు. 1937లో ఆయన తన పడవలో వెళ్తుంటే పక్కన ఇంకో పడవ తిరగబడింది. నీళ్లలో పడ్డ నలుగురిని కాపాడాడు. తన పడవలోనే గుండె ఆగి పోయాడు. అరవై ఏళ్లు దాటిన మనిషి, నలుగురి ప్రాణాలు నిలబెట్టి పోతే, మర్నాటి పత్రిక శీర్షికలో ముందున్నది ఫాంట్లరాయే. చచ్చినా వదలని చుట్టమంటే తమరే.

మరి నాకెందుకింత బాధ అంటారా? మాది నరసాపురం పక్క పల్లె. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక మా ఆడవాళ్ల చేతుల్లో ఇప్పటికీ ఆడుతోంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కళ్లు పోయేలా అల్లేది వీళ్లు, వేసుకునేది ఎవరో, ఎక్కడో. నాకు అయిదేళ్లప్పుడు మా మేనత్త అల్లిన ఒక కాలరు దళారి దగ్గర్నుంచి తిరిగొచ్చింది, అంచు వంకరగా ఉందని. పారేయడానికి ఆవిడకి చేతులు రాలేదు. నా చొక్కాకి కుట్టి, ఫోటో స్టూడియోకి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టింది. ఫోటోలో నేను నవ్వడం లేదు. మెడ గోక్కుంటున్నాను. అది ఇప్పటికీ మా ఇంటి హాల్లో వేలాడుతోంది, వచ్చినవాళ్లందరూ "ఈ పాప ఎవరండీ?" అంటారు.

ఈ ఉత్తరం సగంలో ఉండగా అత్త ఫోన్ చేసింది. "ఒరేయ్, నీ మనవడి పుట్టినరోజు వస్తోంది కదా, మెడ కొలత చెప్పు" అంది.

"వద్దత్తా, వాడు రోజురోజుకీ పెరుగుతున్నాడు, నువ్వల్లేసరికి బిగుతైపోతుంది" అన్నాను.

"అయితే రెండంగుళాలు ఎక్కువే అల్లుతాలే" అంది.

ఇట్లు,
తమ వంకర అంచు కింద అయిదో ఏట కూర్చున్నవాడు