సవరణ: వాల్ట్ రీకీ ఒక్కటే చాలదు

సర్వర్లను సెటప్ చేసే ఆన్సిబుల్ టూల్‌లో, పాస్‌వర్డ్‌ల వంటి సీక్రెట్లను ఎన్‌క్రిప్ట్ చేసి దాచే భాగమే వాల్ట్. టీమ్ నుంచి ఎవరైనా వెళ్లిపోతే ఆన్సిబుల్ వాల్ట్ పాస్‌వర్డ్‌ను రీకీ కమాండ్‌తో మార్చేస్తే చాలని పాత పోస్టులో ఉంది. అది సగం మాటే. రీకీ ఇప్పుడున్న ఫైల్‌ను మాత్రమే కొత్త పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. గిట్ హిస్టరీలోని పాత కమిట్లు, అంటే ముందు సేవ్ చేసిన వెర్షన్లు, అలాగే ఉంటాయి. రిపోజిటరీని ముందే క్లోన్ చేసుకున్నవాళ్లు వాటిని పాత పాస్‌వర్డ్‌తో ఎప్పుడైనా తెరవగలరు. వాల్ట్ వాడే ఏఈఎస్ 256 ఎన్‌క్రిప్షన్ అక్కడ అడ్డుపడదు. కాబట్టి డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు అన్నీ మార్చాల్సిందే. వరుస ముఖ్యం: ముందు రీకీ, ఆ తర్వాతే కొత్త విలువలు కమిట్ చేయండి. లేదంటే కొత్తవి కూడా పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటాయి. ఆపైన ప్లేబుక్‌ను (ఆన్సిబుల్ చేయాల్సిన పనులు రాసిన ఫైల్) అన్ని సర్వర్ల మీదా నడపండి. సీక్రెట్లు వాడే టాస్కులకు అవుట్‌పుట్‌ను దాచే నో లాగ్ సెట్టింగ్ పెట్టడం మరవకండి. డిక్రిప్ట్ అయిన విలువ అవుట్‌పుట్‌లో కనబడితే వాల్ట్ కాపాడలేదు.